వ్రేలాడు కొమ్మల చెట్లు: ఇంటితోటకు వాని నెన్నుకొను విధము



ఇంటిముందు తోట వేయుట మనకు క్రొత్త గాదు. తులసికోట, నందివర్ధనము, పారిజాతము, బావికడ అరటి, దొడ్డివాకిట వేప, ఇవి మన పెద్దలు మనకిచ్చిన తోట. అయితే ఇటీవల బడంగ్‌పేట్, నాదర్‌గుల్, ఆదిభట్ల మొదలుకొని ఇబ్రహీంపట్నము దాక అనేకములగు చేలు ఇండ్లస్థలములైనవి. క్రొత్త యిండ్లతో క్రొత్త చెట్లపై కోరికయు వచ్చినది. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉద్యోగము చేయు కొడుకో కూతురో, కొలనియొడ్డున కొమ్మలు నీటిని తాకునట్లు వ్రేలాడు ఒక చెట్టుయొక్క చిత్రమును పంపి, మన యింటను దీనిని నాటింపుమని కోరుదురు. ఆ చెట్టు పేరు విల్లో. దానిని మన నేలలో నాటవచ్చునా? నాటినచో ఎచ్చట నాటవలెను? నాటరాని చోట అట్టి యందమును మరి యే చెట్టువలన పొందవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు నేటి ప్రసంగమున సమాధానము చెప్పుదును.

ముందుగా చెట్టును గూర్చి కొంత తెలిసికొందము. విల్లో యనునది ఒక చెట్టు గాదు, ఒక కుటుంబము. శాస్త్రజ్ఞులు దానిని సాలిక్స్ అందురు. ఇందు సుమారు 400 జాతులు కలవు. వీనిలో అధికభాగము చలిదేశములలో, ఏటిగట్టులందును తేమనేలలందును పెరుగునవి. కొన్ని మహావృక్షములు, కొన్ని పొదలు, మరికొన్ని మంచుకొండలపై నేలనంటి ప్రాకు మొక్కలు. మన దేశమున కాశ్మీరమునందు ఈ చెట్లు విస్తారముగా కలవు. మీ మనుమలు చేతబట్టి యాడు క్రికెట్ బ్యాటు, కాశ్మీరపుదైనచో, విల్లో కొయ్యతో చేసినదే. అనంతనాగ్ ప్రాంతమున ఈ బ్యాట్లు చేయు కర్మాగారములు అనేకములు కలవు. తేలికయై, దెబ్బకు చీలక సాగు గుణము ఆ కొయ్యకున్నది. సన్నని కొమ్మలతో అచ్చట బుట్టలును అల్లుదురు.

వైద్యమునకును ఈ చెట్టునకును పాతచుట్టరికము కలదు. ఎడ్వర్డ్ స్టోన్ అను ఆంగ్ల మతాచార్యుడు విల్లో బెరడు చూర్ణము జ్వరమును తగ్గించుచున్నదని 1763లో లండనులోని రాయల్ సొసైటీకి తెలియజేసెను. పిమ్మట రసాయనజ్ఞులు ఆ బెరడునుండి ఒక చేదు పదార్థమును వేరుచేసిరి. ఆ దారినే పోగా పోగా 1897లో జర్మనీ దేశమున ఆస్పిరిన్ సిద్ధమయ్యెను. ఇట్లని బెరడును నమలి జ్వరమునకు మందనుకొనరాదు. మందు వైద్యుని చేతిమీదుగా రావలయును.

చిత్రములలో మీరు చూచునది ఈ కుటుంబమునందలి వ్రేలాడు విల్లో. స్వీడను దేశపు లిన్నేయస్ అను పండితుడు 18వ శతాబ్దమున దీనికి బేబిలోను విల్లో యని పేరిడెను. బైబిలునందు బేబిలోను నదీతీరపు చెట్లను గూర్చి వచ్చిన మాటయే దీనికి కారణము. కాని యా తీరమున నుండునది యూఫ్రటీసు ప్రాంతపు వేరొక చెట్టు. వ్రేలాడు విల్లో పుట్టినిల్లు చీనాదేశము. పేరునుబట్టి చెట్టును నిర్ణయించినచో మహాపండితునికిని పొరపాటు గలుగునని దీనివలన తేలుచున్నది. ఈ సంగతి మొక్కల యంగడికి పోవునపుడు మనకు పనికివచ్చును.

ఇక మన చెట్టు సంగతి. విల్లో కుటుంబము మనకు పూర్తిగా పరాయిది కాదు. మన యేటిగట్టులందు, తూర్పుకనుమల సెలయేళ్ళ వెంబడి పెరుగు ఏటిపాల ఈ కుటుంబములోనిదే. శాస్త్రనామమున దీనిని నాలుగు విత్తుల సాలిక్స్ అందురు. ఇది ముప్పది నలువది అడుగుల యెత్తు పెరుగును. ఆకు పొడవై, కొన తేలి, పైన పచ్చగాను క్రింద తెలుపుగాను ఉండును. గాలి వీచినపుడు ఆ తెలుపు తళతళలాడుట చూడ ముచ్చటగా నుండును. పూగుత్తులు పిల్లితోకను పోలియుండును. కొమ్మలు చీనాచెట్టువలె నేలకు జారవు గాని, సన్ననై కొంత వంగి యుండును. కొన్ని చెట్లు పోతులు, కొన్ని పెంటులు. పెంటిచెట్టు కాయ పగిలినపుడు విత్తులతో దూది యెగురును.

సంస్కృత కోశములలో వేతసము, విదులము, వానీరము, వంజులము అను పేర్లు ఒక్కచోట చెప్పబడినవి. అమరసింహుని నిఘంటువు చదివినవారికి ఇది తెలియును. తెలుగు టీకలలో వేతసమనగా ప్రబ్బయని, అనగా పేము అని చెప్పుదురు. పూర్వము బడిలో మన వీపులకు పరిచయమైన బెత్తము దానినుండి వచ్చినదే. ఇప్పటి వృక్షశాస్త్రవేత్తలలో కొందరు ఆ పేర్లనే విల్లోకును చెప్పుచున్నారు. ప్రబ్బయైనను ఏటిపాలయైనను లక్షణమొక్కటే: నీటి యొడ్డున నుండి, వరద వచ్చినపుడు వంగి, వరద పోయినపుడు లేచి నిలుచును. మహాభారత శాంతిపర్వమునందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. సముద్రుడు నదులనడిగెను: "మీరు వేళ్ళతో సహా మహావృక్షములను తెచ్చి నాలో పడవైచుచున్నారు గదా, వేతసమును ఒక్కనాడును తేలేదేమి?" అని. గంగ బదులు చెప్పెను: "ఆ వృక్షములు మాకెదురు నిలిచి కూలుచున్నవి. వేతసము మా వేగమునకు వంగి, మేము దాటగానే తన చోట తాను నిలుచుచున్నది." కాళిదాసును రఘువంశము నాలుగవ సర్గలో, రఘువునకు తలయొగ్గి బ్రదికిన సుహ్మదేశీయుల నడవడిని ఈ వేతసముతోనే పోల్చెను.

కథనుండి రాజనీతిని అందరును గ్రహింతురు. తోట వేయువాడు మరియొక నీతిని గ్రహింపవలెను. ఆ చెట్టు వంపునకు, సొగసునకు మూలము ప్రక్కన పారు నీరు. నీరు లేని చోట ఆ చెట్టును నిలిపి సొగసును మాత్రము ఇమ్మనుట న్యాయము గాదు.

మన ప్రాంతమున నీటి లెక్క చూతము. మనకు ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకే కురియును. మే నెలలో ఎండ 40 డిగ్రీలను దాటును. నేల చాలవరకు ఎర్రచెల్క, దానిక్రింద నల్లరాయి. భూమిలోని నీరు పైనున్న మొరములోను రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. ఇప్పుడు విల్లో చెట్టొకటి ఆరు మీటర్ల వెడల్పున కొమ్మలు చాచినదనుకొందము. దాని నీడ సుమారు 28 చదరపు మీటర్లు. నడివేసవిలో దినమునకు 8 మిల్లీమీటర్ల నీరు ఆకులగుండ ఆవిరియైనదనుకొన్నను, అది రోజునకు 220 లీటర్లు దాటును. అనగా ఒక పెద్ద డ్రమ్ము నిండ నీరు, ఒక్క చెట్టునకు, ఒక్క దినమునకు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెలో ఒక మనిషికి దినమునకు 55 లీటర్లు చాలునని నిర్ణయించినది. కావున ఆ చెట్టు త్రాగునది నలుగురు మనుష్యుల నీరు.

ఇంకొక విధముగ చూడుడు. ఆ నీడమేర సంవత్సరమంతయు కురిసిన వాన ఒక్క చుక్క పోక నిలిచినను 22,400 లీటర్లగును. వేసవి లెక్కన అది సుమారు నూరు దినములకు మాత్రమే వచ్చును. తక్కిన దినముల నీరెక్కడిది? మన బోరుది, లేక పొరుగువాని బోరుది. చిన్నమొక్కగా నున్నపుడు బిందెడు నీరు చాలును గనుక ఈ లెక్క కనబడదు. చెట్టు పెరిగి ఇంటివారికి ప్రీతిపాత్రమైన పిదప కనబడును. అప్పుడు నీరు పోసిన బావికి చేటు, పోయకున్న చెట్టునకు చేటు. మొదటనే ఆలోచించినవానికి ఈ రెండు బాధలును లేవు. పైగా చీనాదేశపు వ్రేలాడు విల్లో మన యెండకు ఆకులు మాడి, పురుగుపట్టి, కొమ్మలు విరిగి త్వరగా శిథిలమగును. చల్లని సీమలలోనే దానిది దీర్ఘాయుర్దాయము గాదు.

అయిన విల్లో జాతిని బొత్తిగా నాటరాదా? నాటవచ్చును, నీరు తానై వచ్చు చోట. చెరువు తూముక్రింది కాలువగట్టు, వరిమడుల ప్రక్కన జాలు పట్టి యేడంతయు తేమగానుండు పల్లము, ఏటిగట్టు, వాగుగట్టు, ఇవి ఏటిపాలకు తగిన తావులు. మన ప్రాంతమున చెరువులకు కొదువలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో, అనగా 1550–1580 నడుమ, త్రవ్వించినదని ప్రసిద్ధిగాంచిన ఇబ్రహీంపట్నము పెద్దచెరువు మన కండ్లయెదుటనే యున్నది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయవలన తెలంగాణమున అనేక చెరువులకు పూడిక తీయబడినది. అట్టి చెరువులక్రింది కాలువగట్టున ఊరి యనుమతితో నాలుగు ఏటిపాలలు నాటినచో గట్టు కోతపడదు, పశువులకు నీడ, చూపరులకు ఇంపు.

నాటు విధము సులభము. వానలు పట్టగానే ముదురుగను లేతగను గాక నడిమి వయసున్న కొమ్మను, బొటనవ్రేలి లావు, మూరెడు పొడవున కోయవలెను. అందులో సగముపైన తేమనేలలో పాతవలెను. క్రిందికొన క్రిందికే ఉండవలెను. పోతుచెట్టు కొమ్మ తెచ్చినచో వచ్చు చెట్టును పోతే యగును, దూది రాదు. ఇంటికి దగ్గర నాటువారు ఇది గమనింపవలెను. మొదటి రెండేండ్లు మేకలు ముట్టకుండ కంప కట్టవలెను.

ఇందు మూడు నిషేధములు కలవు. ఒకటి, చెరువుకట్టపై ఏ పెద్దచెట్టును నాటరాదు. వేరు కట్టలో దూరి, చచ్చి కుళ్ళినపుడు ఆ దారిని నీరు ఊరి గండి పడును. రెండు, శిఖంభూమిని ఆక్రమించి తోట యనరాదు. అది చెరువు కడుపు. మూడు, బావికి, మరుగుదొడ్డి తొట్టికి, నేలలోని నీటిగొట్టములకు ఏబది యడుగులలోపల విల్లో జాతి చెట్టు నుంచరాదు. దాని వేరు నీటివాసన పట్టి గొట్టపు అతుకులో సన్నముగా చొచ్చి, లోపల జడవలె అల్లుకొని మూసివేయును.

ఇక నీరు తక్కువైన యింటితోటలకు వత్తము. మనకు కావలసినది వ్రేలాడు కొమ్మల సొగసు. దానినిచ్చు చెట్లు మన యెండకు తాళునవి కలవు.

మొదటిది ఏపి. దీనినే నారేపి యనియు నందురు. రాయలసీమ, పాలమూరు అడవులలో రాతినేలపై పెరుగు చెట్టిది. ఆకు రెండు తమ్మెలై సీతాకోకచిలుక రెక్కలవలె నుండును. సన్నని రెమ్మలు క్రిందికి జారి గాలికి ఊగును. వేరు లోతునకు దిగును. దాని చేవ మన దేశపు కొయ్యలలో మిక్కిలి బరువైన వానిలో నొకటి. ఆకు పశువుల మేత, బెరడు నార త్రాళ్ళకు పనికివచ్చును. ఒక్క దోషము: మెల్లగా పెరుగును. నాటినవాడు తన మనుమనికొరకు నాటుచున్నాననుకొన్నచో అదియు దోషము గాదు.

రెండవది ఆస్ట్రేలియానుండి వచ్చిన బాటిల్‌బ్రష్ చెట్టు. సీసాలు కడుగు కుంచెవంటి యెర్రని పూలు, జారు కొమ్మలు. ఇందు వ్రేలాడు జాతికి లాటినుభాషలో పెట్టిన పేరునకు విల్లోవలె సన్నని కొమ్మలు కలదియనియే యర్థము. తేనెటీగలు, తేనెపిట్టలు దీనిని విడువవు. ఇంటి ముంగిటికి చాలినంత పరిమాణము. మొదటి రెండు మూడు వేసవులు నీరు పోసినచో పిమ్మట కొలదినీటితో నిలుచును.

మూడవది నారమామిడి. కొమ్మలు గోపురమువలె నేలవైపు దిగి, ఆకులు అలలు దీరియుండు ఈ చెట్టును అంగళ్ళలో అశోక యని యమ్ముదురు. ఇది అశోకము గాదు. సీతాదేవి కూర్చున్న చెట్టుగా మనము చెప్పుకొను అశోకమునకు నారింజ, యెరుపు కలిసిన పూగుత్తులు, విశాలమైన నీడ యుండును. వంజులమను పేరు కోశములో వేతసమునకేగాక అశోకమునకును కలదు. పేరు రెండు చెట్లకు ఒక్కటియగుట మనకు క్రొత్త గాదని దీనివలన తెలియును. గోడవెంట చోటు ఇరుకైనపుడు నారమామిడి తగినది. నీడకొరకు దీనిని నాటినవారికి ఆశాభంగమగును.

నాలుగవది, తేమ గల తావులకు, కణపచెట్టు. సంస్కృతమున నిచులము, హిజ్జలము అని దీనికి పేర్లు. చెరువు నీరు కొన్ని దినములు మొదట నిలిచినను చావదు. సన్నని యెర్రపూల సరములు జానెడు మూరెడు పొడవున వ్రేలాడును. రాత్రి విచ్చి తెల్లవారునప్పటికి రాలి, చెట్టుక్రింద ఎర్రని కంబళి పరచినట్లుండును. చిత్రములోని విల్లోకంటె ఇది యందమున తక్కువ గాదని నా యభిప్రాయము.

పొదలను గూర్చి చెప్పుదును. చలిదేశములలో విల్లో పొదలను ఏటేట వసంతారంభమున మొదలంట నరికి, పసుపు, యెరుపు రంగుల క్రొత్త చువ్వలను పుట్టింతురు. ఆ దేశములలోనున్న మన పిల్లలకు అట్టివి తగును. మహావృక్షముకంటె పొదయే చిన్నతోటకు క్షేమము. మనకు వాని స్థానమున వావిలి కలదు. దాని యాకులు విల్లోవలె సన్ననివి, క్రిందివైపు బూడిదవన్నె, పూలు నీలివన్నె. నరికినకొలది చిగుర్చును. కొమ్మలు బుట్టలకు, ఆకు బాలింతల స్నానమునకు, ధాన్యపు గాదెలకు పనికివచ్చును. పశువులు అంతగా ముట్టవు గనుక కంచెకును యోగ్యము. మెక్సికోనుండి వచ్చిన రసీలియా యను పొదకు ఆకులు కనబడనంత చిన్నవి, పచ్చని సన్నకాడలు ఊటవలె పైకి లేచి జారును, చివర యెర్రని గొట్టపుపూలు. అరుగు అంచున, మిద్దె పిట్టగోడపై తొట్టిలో దీనిని పెంచవచ్చును. గన్నేరుయాకును విల్లోను పోలును, ఎండకు తాళును, పూలు దేవతార్చనకు వచ్చును. కాని దాని సర్వాంగములును విషము. పశువుల పాకవద్ద, పసిపిల్లలు ఆడుకొను చోట దానిని నాటరాదు. కొట్టిన కొమ్మలను గడ్డిలో కలియనీయరాదు.

కొనునపుడు మూడు మాటలు మరువకుడు. పేరుచేత మోసపోక, ఆకు, పువ్వు, పెరిగిన చెట్టు చూచి కొనుడు. త్వరగా పెరుగునను మాటనే గొప్పగుణముగా నెంచకుడు. కోనోకార్పస్ అను చెట్టు త్వరగా పెరిగి పచ్చగా నుండునని మన రాష్ట్రమున వీథులందు విరివిగా నాటబడినది. వేళ్ళు గొట్టములను చెరచుననియు, పుప్పొడి యూపిరికి హానియనియు ఆక్షేపణలు వచ్చి, గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నాటుట నిషేధించినది. చివరిమాట, నాటుట మన చేతిలోనిది, నరకుట మన చేతిలోనిది గాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా ప్రకారము చెట్టు కొట్టుటకు అధికారుల యనుమతి కావలయును. తప్పుచోట నాటిన చెట్టుతో మన పిల్లలు చిరకాలము వేగవలసివచ్చును.

కావున ఎన్నిక క్రమమిది. మొదట మే నెలలో మీ యింట నీరెంత మిగులునో చూడుడు. పిదప నేల చెల్కయో, రేగడియో, జాలుపల్లమో చూడుడు. అటుపై ఇరువది యేండ్ల తరువాత ఆ చెట్టునకు పట్టు చోటును, దాని వేళ్ళకు దగ్గరనున్న బావిని, గొట్టమును, పొరుగుగోడను లెక్కించుడు. ఇవియన్నియు కుదిరిన పిమ్మట, కట్టకడపట, అందమును చూడుడు. మనము చిత్రమును చూచి మొదలుపెట్టి నీటిని చివర తలతుము. ఆ క్రమమును త్రిప్పినచో చాలును.

కాలువగట్టున ఏటిపాల, పల్లమున కణప, రాతినేలను ఏపి, ముంగిట బాటిల్‌బ్రష్, కంచెకు వావిలి. పిల్లలు చిత్రము పంపినపుడు వారిని నిరుత్సాహపరపక, ఈ చెట్లలో మీ తావునకు తగినదానిని నాటి, దాని చిత్రమును వారికి పంపుడు. మన యూరి నీరు ఊరిలోనే యుండి, చెట్టును నిలిచి, చూచు కన్నులకు చల్లదనము కలుగుగాక.